బ్యాంకాక్ లుంపిని పార్కులో ఉదయపు పరుగు: మొదటి చుట్టు నడవండి

గుంటూరు నుంచి ప్రశ్న పంపిన మిత్రులకు నమస్కారం. మీరు రాసినదాన్ని నేను అర్థం చేసుకున్నంతవరకు విషయం ఇది. పురుగుమందుల కంపెనీ వారు డీలర్లను దంపతులతో సహా నవంబరులో నాలుగు రోజులు బ్యాంకాక్ తీసుకువెళుతున్నారు, బస సీలోమ్ ప్రాంతంలో ఏర్పాటు చేశారు. మీ వయసు 46. ఆరేళ్లుగా బృందావన్ గార్డెన్స్‌లోని ఎన్టీఆర్ స్టేడియంలో రోజూ ఏడెనిమిది కిలోమీటర్లు పరుగెత్తుతున్నారు, ఆ నాలుగు రోజులూ అలవాటు తప్పకూడదని మీ పట్టుదల. హోటల్‌కు దగ్గరలో ఉన్న లుంపిని పార్కులో అంత జనం మధ్య పరుగెత్తడం సాధ్యమేనా, మీ శ్రీమతి గారు నడవడానికి అనువుగా ఉంటుందా, వచ్చే వేసవిలో అబ్బాయి దగ్గరకు న్యూజెర్సీ వెళ్లినప్పుడు న్యూయార్క్‌లోని సెంట్రల్ పార్కుకు కూడా ఇవే జాగ్రత్తలు సరిపోతాయా అని అడిగారు.

నేను బ్యాంకు ఉద్యోగం నుంచి విరమణ పొందినవాణ్ణి. విజయవాడ లయోలా కళాశాల మైదానంలో 22 ఏళ్లుగా పరుగెత్తుతున్నాను. లుంపినిలో మూడు ప్రయాణాల్లో కలిపి పది పన్నెండు ఉదయాలు, మా అమ్మాయి దగ్గరకు వెళ్లిన రెండుసార్లు సెంట్రల్ పార్కులో చాలా ఉదయాలు పరుగెత్తాను. ఆ అనుభవంతో చెప్పగలిగిన ముఖ్యమైన మాట ఒక్కటే, మిగిలినవన్నీ దానికి వివరణలే: మొదటి రోజు మొదటి చుట్టు పరుగెత్తకండి, నడవండి. ఆరేళ్లుగా పరుగెత్తుతున్న వారికి ఇది కాస్త చిన్నతనంగా అనిపించవచ్చు, నాకూ అలాగే అనిపించింది. అయితే పరాయి ఊరి పార్కులో మనకు తెలియనిది పరుగెత్తడం కాదు, అక్కడి వారు ఒకరికొకరు దారి ఇచ్చుకునే పద్ధతి. ఆ పద్ధతిని ఎవరూ బోర్డు మీద రాసి పెట్టరు, అరగంట నడిస్తే అదే తెలిసిపోతుంది.

లుంపినిలో పెద్ద చుట్టు దాదాపు 2.5 కి.మీ. ఉంటుంది. ప్రకాశం బ్యారేజీ పొడవు 1.2 కి.మీ. పైచిలుకు కనుక, బ్యారేజీ మీద ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లి వెనక్కి వచ్చినంత దూరమని మీరు మనసులో పెట్టుకోవచ్చు. మీ రోజువారీ లెక్కకు మూడు చుట్లు చాలు. దారి తారు రోడ్డు, చదునైనది, చాలాచోట్ల రెండు వైపులా చెట్ల నీడ ఉంటుంది. మధ్యలో చెరువులున్నాయి. 1920లలో థాయ్‌లాండ్‌ను ఏలిన ఆరవ రామరాజు ఇచ్చిన స్థలంలో ఏర్పడిన ఈ పార్కుకు బుద్ధుడు పుట్టిన లుంబినీ వనం పేరు పెట్టారు. అమరావతి స్తూపం ఉన్న సీమ నుంచి వెళ్లేవారికి ఆ పేరు పరాయిదిగా అనిపించదు.

నడిచే మొదటి చుట్టులో గమనించవలసినది ముందుగా దిశ. అక్కడ పరుగెత్తేవారు గడియారపు ముల్లు తిరిగే దిశకు ఎదురుగా, అంటే చెరువు ఎప్పుడూ ఎడమచేతి వైపు ఉండేలా తిరుగుతారు. మనకు గుడి ప్రదక్షిణం అలవాటు కనుక, ఎక్కడికి వెళ్లినా కాళ్లు తమంతట తామే కుడివైపుకు తిప్పుతాయి. పరుగు మాత్రం చాలాచోట్ల అప్రదక్షిణమే. క్రీడా మైదానాల్లోని ట్రాకులు, టోక్యోలో రాజప్రాసాదం చుట్టూ ఉన్న 5 కి.మీ. దారి, సెంట్రల్ పార్కు రోడ్డు, అన్నీ ఇదే దిశలో నడుస్తాయి. పదిమందితో పాటు ఒకే దిశలో వెళ్లినంతసేపూ పార్కు ఎంత రద్దీగా ఉన్నా అది మన వెంట పారే కాలువలా ఉంటుంది. ఎదురుగా వెళితే అదే జనం అడుగడుగునా అడ్డు వస్తారు, తప్పు మాత్రం మనదే అవుతుంది. రోడ్డు మీద వేసిన గీతలు, బాణం గుర్తులు కూడా ఆ చుట్టులోనే చూసిపెట్టుకోండి. ఒక్కొక్కప్పుడు వాటిని మారుస్తుంటారు కనుక నేను ఇక్కడ రాసినదానికన్నా రోడ్డు మీద ఉన్నదే మీకు ప్రమాణం.

రెండవది, ముందున్నవారిని దాటే పద్ధతి. మన మైదానాల్లో నలుగురు వాకర్లు పక్కపక్కనే చేరి రాజకీయాలు మాట్లాడుకుంటూ దారంతా ఆక్రమించి నడుస్తారు, వెనుక నుంచి వచ్చేవాడు గట్టిగా దగ్గి గానీ, ‘సార్ సార్’ అని గానీ తోవ అడుగుతాడు. లుంపినిలో ఆ దగ్గు పనికిరాదు. అక్కడివారు మాట్లాడకుండానే అంచుకు జరుగుతారు, దాటేవారు కూడా కాస్త ముందునుంచే పక్కకు జరిగి, దాటిన వెంటనే తిరిగి లోపలికి రాకుండా నాలుగు అడుగులు వేసి అప్పుడు వస్తారు. దాటబోయే ముందు ఒకసారి భుజం మీదుగా వెనక్కి చూడడం అలవాటు చేసుకోండి, ఎందుకంటే మీకన్నా వేగంగా వచ్చేవారు, ఒక్కొక్క వేళలో సైకిళ్లు కూడా, వెనుక ఉండవచ్చు. చెవుల్లో రెండు వైపులా ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాటలు వింటూ పరుగెత్తేవారికి ఈ అవకాశం ఉండదు. వినక తప్పదనుకుంటే ఒక చెవికి మాత్రమే పెట్టుకోండి. ఫొటో తీసుకోవాలని అనిపించినప్పుడు ఆగిపోకుండా, ముందు గడ్డి మీదకు దిగి అప్పుడు ఆగండి. మరొకటి, కాస్త మొహమాటంగానే రాస్తున్నాను. పరుగులో దారి పక్కన ఉమ్మివేయడం మనలో చాలామందికి అలవాటుగా మారింది, అక్కడ దయచేసి అది వద్దు. ఎంత చెమట పట్టినా చొక్కా తీసివేయడం కూడా మర్యాద కాదు.

చెరువు గట్టున మీకు ఉడుములు కనిపిస్తాయి. మన పొలాల్లో కనిపించే ఉడుము కన్నా చాలా పెద్దవి, కొన్ని మనిషి నిలువుకు మించిన పొడవుంటాయి. మొదటిసారి చూసినప్పుడు మొసలి అనుకుని నేను పక్కనున్న పెద్దాయన చేయి పట్టుకున్నాను, ఆయన నవ్వి ఊరుకున్నాడు. అవి నీటి ఉడుములు, మనుషులకు అలవాటు పడినవి, వాటి దారిన వాటిని పోనిస్తే ఏమీ చేయవు. రోడ్డు దాటుతుంటే ఆగి దాటనివ్వండి. వాటికి తిండి పెట్టడం, దగ్గరగా వెళ్లి ఫొటో తీయడం మాత్రం చేయకూడదు.

జాతీయగీతం సంగతి మీరు అడగలేదు, కానీ తప్పక తెలిసి ఉండాలి. థాయ్‌లాండ్‌లో ఉదయం 8 గంటలకు, సాయంత్రం 6 గంటలకు పార్కుల్లోనూ స్టేషన్లలోనూ మైకుల్లో జాతీయగీతం వినిపిస్తుంది. ఆ క్షణాన లుంపినిలో వందలమంది ఉన్నచోటనే ఆగి నిటారుగా నిలబడతారు, పూర్తికాగానే ఏమీ జరగనట్టు మళ్లీ పరుగు అందుకుంటారు. నాకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. మొదటి ప్రయాణంలో ఒక సాయంత్రం చెవుల్లో పాటలు మోగుతుండగా, ఉన్నట్టుండి దారి ఖాళీ అయిందని సంతోషించి వేగం పెంచి, నిలబడిన జనం మధ్య నుంచి నేనొక్కణ్ణే ఇరవై ముప్పై గజాలు దూసుకుపోయాను. ఒక కుర్రవాడు అరచేయి చూపించి ఆపేవరకు నాకు తెలియనే లేదు. ఎవరూ కోప్పడలేదు కానీ, ఆ నిమిషం మన ఊళ్లో గణతంత్ర దినోత్సవం నాడు జెండా ముందు ఎవరైనా అలా చేస్తే నాకెలా ఉండేదో తలచుకుని సిగ్గుపడ్డాను. వారికి రాజన్నా, గీతమన్నా ఎంత గౌరవమో తెలుసుకుని మెలగడం మన బాధ్యత. చుట్టుపక్కల అందరూ ఒక్కసారిగా ఆగిపోతే కారణం వెతకకుండా మీరూ ఆగండి.

ఇక వేళ. థాయ్‌లాండ్ గడియారం మనకన్నా గంటన్నర ముందు ఉంటుంది. ఆరింటికి పార్కులో ఉండాలని అక్కడ ఐదుంబావుకు లేస్తే, మీ శరీరానికి అది గుంటూరులో తెల్లవారుజామున 3:45. మొదటి రోజు కాళ్లు బరువుగా ఉండడానికి వయసు కారణం కాదు, ఇదీ రాత్రి విమానంలో పోయిన నిద్రా కారణం. అందుకే నడిచే చుట్టును ఆ మొదటి రోజుకే పెట్టమంటున్నాను. డీలర్ల యాత్రల్లో రాత్రి విందులు ఎంతసేపు సాగుతాయో మీకు నాకన్నా బాగా తెలుసు. ఒంటిగంటకు పడుకుని ఐదింటికి లేచి పరుగెత్తడం ఆరోగ్యం కోసం చేసే పని కాదు, గ్లాసు పుచ్చుకున్న రాత్రి మరుసటి ఉదయం అసలే కాదు. అటువంటి రోజున సాయంత్రం ఐదింటికి వెళ్లండి. జనం అప్పుడు ఎక్కువ, వేడీ ఎక్కువే, కానీ నిద్ర చాలిన శరీరంతో రెండు చుట్లు తిరగడం, నిద్రలేని శరీరంతో మూడు చుట్లు తిరగడం కన్నా మేలు.

నవంబరుకు వానాకాలం తగ్గుముఖం పడుతుంది, కాబట్టి మీరు వెళ్లేది మంచి నెలలోనే. అయినా గాలిలో తేమ మాత్రం పూర్తిగా పోదు. మనకూ ఉక్కపోత కొత్త కాదని ధీమాగా వెళ్లి నేను దెబ్బ తిన్నాను. తేమ ఎక్కువైనప్పుడు చెమట పడుతుంది కానీ ఆరదు, ఆరని చెమట శరీరాన్ని చల్లబరచదు, గుండె మాత్రం వేడిని బయటికి పంపడానికి అదనంగా కొట్టుకుంటూనే ఉంటుంది. గుంటూరులో కిలోమీటరుకు ఏడు నిమిషాలు పట్టేవారు అక్కడ ఏడున్నర, ఎనిమిది పట్టినా సరేననుకోవాలి. చేతి గడియారంలో వేగం చూడడం మానేసి, పక్కవారితో తడబడకుండా ఒక వాక్యం పూర్తిగా మాట్లాడగలుగుతున్నానా అని చూసుకుంటే చాలు. తల తిరిగినా, ఒంటిమీద చలి పుట్టినట్టు అనిపించినా, చెమట హఠాత్తుగా ఆగిపోయినా వెంటనే పరుగు ఆపి నీడలో కూర్చోవాలి, అప్పుడు ఇంకొక్క చుట్టు అనే ఆలోచన రాకూడదు. ఇంటి దగ్గరి నుంచే ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు పట్టుకెళ్లండి. కుళాయి నీళ్లు తాగకండి, సీసా నీళ్లు ప్రతి వీధిలోనూ ఉన్న సెవెన్ ఎలెవెన్ దుకాణాల్లో దొరుకుతాయి. ఉప్పు వేసిన మజ్జిగ దొరకదని బెంగ పడేవారికి లేత కొబ్బరిబోండం ఉంది. అక్కడి కొబ్బరి నీళ్లకు ఒక రకమైన సువాసన ఉంటుంది, కోనసీమ వారితో ఈ మాట అనను కానీ చాలా బాగుంటాయి. డిసెంబరు నుంచి కొన్ని నెలలపాటు బ్యాంకాక్ గాలిలో సన్నని ధూళి పెరుగుతుంది. నవంబరు చివరి వారమైతే ఉదయం ఫోన్‌లో గాలి నాణ్యత ఒకసారి చూసుకుని, బాగా లేకపోతే ఆ రోజు హోటల్‌లోని ట్రెడ్‌మిల్‌తో సరిపెట్టుకోండి.

నిజం చెప్పాలంటే లుంపినిలో పరుగు కన్నా హోటల్ నుంచి పార్కుకు వెళ్లే దారి ఎక్కువ ప్రమాదకరం. వాహనాలు మనలాగే ఎడమవైపున నడుస్తాయి కనుక రోడ్డు దాటేటప్పుడు తికమక ఉండదు, కానీ ఫుట్‌పాత్‌ల మీదకు మోటారు సైకిళ్లు వస్తాయి, పలకలు లేచి ఉంటాయి, తెల్లవారుజామునే తినుబండారాల బండ్లు వెలుస్తాయి. పార్కు గేటు దాటేవరకు నడిచే వెళ్లండి, పరుగు లోపలే. సీలోమ్ వైపు నుంచి వచ్చేవారికి పార్కు నైరుతి మూలలో ఆరవ రామరాజు విగ్రహం ఉన్న ద్వారం దగ్గర పడుతుంది, స్కైట్రైన్ సాలాదేంగ్ స్టేషన్, మెట్రో సీలోమ్ స్టేషన్ రెండూ దానికి సమీపంలోనే ఉన్నాయి. మీ పరుగు మొదలూ చివరా ఆ విగ్రహం దగ్గరే పెట్టుకోండి. ఇది నా రెండవ పొరపాటు నుంచి నేర్చుకున్నది. పార్కుకు నాలుగు వైపులా ద్వారాలున్నాయి, చుట్టు తిరిగేకొద్దీ దిక్కులు తెలియకుండా పోతాయి. నేను ఒకనాడు సీలోమ్ ద్వారమనుకుని ఉత్తరాన ఉన్న సారసిన్ రోడ్డులోకి బయటపడి, ఫోన్ గదిలో వదిలివచ్చిన పాపానికి గంటసేపు తిరిగాను. టాక్సీ డ్రైవర్లకు హోటల్ పేరు నా ఉచ్చారణలో ఎంతకీ అర్థం కాలేదు. అప్పటి నుంచి హోటల్ వారి కార్డు, థాయ్ లిపిలో చిరునామా ఉన్నది, జేబులో లేకుండా బయట అడుగు పెట్టను. దానితో పాటు పాస్‌పోర్టు నకలు, రెండు మూడు వందల థాయ్ బాట్‌లు, ఫోన్, వాడుతున్న మందుల పేర్లు రాసిన చీటీ ఉంటే చాలు. పాస్‌పోర్టు అసలు ప్రతి, నగలు, పెద్ద మొత్తాలు గది లాకరులోనే ఉండాలి. పర్యాటక పోలీసుల నంబరు 1155, అంబులెన్సుకు 1669, ఈ రెండూ ఫోన్‌లో ముందే ఎక్కించుకోండి.

రెండు రోజులు లుంపిని చూశాక మార్పు కావాలనిపిస్తే, పార్కు తూర్పు వైపు నుంచి బెంజాకిట్టి పార్కు దాకా పైవంతెన లాంటి నడకదారి ఒకటి ఉంది, పొడవు కిలోమీటరు పైనే. ఆ బెంజాకిట్టి ఒకప్పుడు థాయ్ ప్రభుత్వపు పొగాకు సంస్థ స్థలం. పొగాకు ఫ్యాక్టరీ ఖాళీ చేసిన చోట చెరువు, చిత్తడి నేల, చెట్లు పెంచి, వాటి మీదుగా ఎత్తయిన నడకదారి కట్టి 2022 నాటికి అడవిలా తీర్చిదిద్దారు. పొగాకు బోర్డు కార్యాలయం ఉన్న గుంటూరు వారు చూడదగిన స్థలమని నా అభిప్రాయం. పరుగుకైతే అక్కడి చెరువు చుట్టూ ఉన్న దారి అనువైనది, ఎత్తయిన నడకదారి ఇరుకు, అది నడవడానికీ ఫొటోలకూ బాగుంటుంది.

సెంట్రల్ పార్కు సంగతి క్లుప్తంగా రాస్తాను. జాగ్రత్తలు చాలావరకు ఇవే, తేడాలు మూడు. అక్కడ వాహనాలు కుడివైపున నడుస్తాయి కనుక పార్కుకు వెళ్లే దారిలో రోడ్డు దాటేటప్పుడు ముందు ఎడమకు చూడాలి, ఇరవై ముప్పై ఏళ్ల అలవాటు దీనికి అడ్డుపడుతుంది. పార్కు లోపలి రోడ్ల మీద 2018 నుంచి కార్లు లేవు, కానీ సైకిళ్లు చాలా వేగంగా వస్తాయి, పరుగెత్తేవారి వరుస వదలి వాటి వరుసలో అడుగు పెట్టకూడదు. పూర్తి చుట్టు సుమారు 9.8 కి.మీ., ఉత్తర భాగంలో హార్లెం హిల్ అనే ఎత్తు ఉంది. దుర్గగుడి ఘాట్ రోడ్డంత కాదు కానీ, చదునైన స్టేడియంలో తిరిగే కాళ్లకు తెలుస్తుంది. మొదటిసారికి ఆ చుట్టు వద్దు. మధ్యలో జాక్వెలిన్ కెనెడీ ఒనాసిస్ పేరు పెట్టిన జలాశయం చుట్టూ 2.5 కి.మీ. మట్టిదారి ఉంది, సరిగ్గా లుంపిని చుట్టంత. దాని మీద సైకిళ్లకు, కుక్కలకు అనుమతి లేదు. మీరు అక్కడ మొదలుపెట్టండి. దారి తప్పుతామన్న భయం అక్కడ అక్కరలేదు, ఎందుకంటే దీపస్తంభాలన్నిటి మీదా నాలుగు అంకెలు ఉంటాయి. 7212 అని ఉంటే మొదటి రెండు అంకెలు 72వ వీధికి దగ్గరలో ఉన్నామని చెబుతాయి, చివరి అంకె సరిసంఖ్య అయితే పార్కు తూర్పు వైపు, బేసి అయితే పడమటి వైపు. బ్రాడీపేటలో లైను, అడ్డరోడ్డు నంబర్లతో ఇల్లు వెతికే గుంటూరు వారికి దీన్ని విడమరచి చెప్పవలసిన పనిలేదు.

చివరగా మీ శ్రీమతి గారి గురించి. లుంపిని నడకకు నిస్సందేహంగా అనువైనది, ఉదయం పూట పెద్దవయసు స్త్రీలే ఎక్కువ కనిపిస్తారు. ఇద్దరూ ఒకేసారి బయలుదేరండి కానీ, మీరు పరుగెత్తి ఆమె చుట్టూ చక్కర్లు కొట్టడం, ఆమె మీ కోసం ఆగి ఆగి చూడడం వద్దు. విగ్రహం దగ్గర ఫలానా వేళకు కలుద్దామని ముందే అనుకుని, హోటల్ కార్డు, కొంత డబ్బు, ఫోన్ ఆమె దగ్గర కూడా విడిగా ఉంచండి. ఎనిమిదింటికి పదిహేను నిమిషాల ముందు పెట్టుకుంటే గీతం వేళకు ఇద్దరూ ఒకచోట ఉంటారు. బట్టల గురించి ఆమెకు సంకోచం ఉంటే, మా ఇంటావిడ మూడు ప్రయాణాల్లోనూ చీర మీద బూట్లు వేసుకునే నడిచింది. అక్కడ చెట్ల కింద తైచీ అనే నెమ్మదైన వ్యాయామం చేసే చైనా సంతతి ముసలమ్మల గుంపు ఒకటి ఉంటుంది. రెండవ రోజు వారిలో ఒకావిడ మా ఆవిడ చీర చెంగు పట్టుకుని చూసి, చేయి పట్టి లాక్కుపోయి తమ వరుసలో నిలబెట్టుకుంది. నా మూడు చుట్లు పూర్తయి విగ్రహం దగ్గర ఇరవై నిమిషాలు ఎదురుచూసినా ఆమె రాలేదు, వెతుక్కుంటూ వెళితే గాలిలో చేతులు నెమ్మదిగా తిప్పుతూ, నన్ను చూసి కూడా చూడనట్టు నిలబడి ఉంది.